తెలుగు నోటితో జర్మన్ పలకడం ఎలా

పుస్తకం తెరిచే ముందు ఒక చిన్న పని చేయండి. చాప, చుక్క, చొక్కా అని పైకి అనండి. తర్వాత చీమ, చెట్టు, చేప అనండి. రాతలో అన్నిటికీ చ-నే. కానీ మొదటి మూడు మాటల్లో నాలుక కొస పై పళ్ళ దగ్గరికి వస్తుంది, తర్వాతి మూడింటిలో వెనక్కి జరిగి అంగిలిని తాకుతుంది. మొదటిదాన్ని మన వ్యాకరణాలు దంత్య చకారం అన్నాయి, దానికి ౘ అని వేరే గుర్తు కూడా ఉంది. జర్మన్‌లో జెడ్ అక్షరానికి ఉన్న శబ్దం సరిగ్గా ఇదే. ఇంగ్లీషు మాటల మొదట్లో ఈ శబ్దం ఉండదు కాబట్టి ఇంగ్లీషువాళ్ళు దీన్ని కష్టపడి నేర్చుకుంటారు. మనం చిన్నప్పటి నుంచి అంటూనే ఉన్నాం.

నేను చెప్పాలనుకున్నది ఇదే. జర్మన్‌ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకోకండి, తెలుగు మీదుగా నేర్చుకోండి. జర్మన్‌కి కావలసిన శబ్దాల్లో ఎక్కువ భాగం మన నోట్లో ఉన్నాయి. కొత్తగా పట్టుకోవలసినవి మూడో నాలుగో. వదులుకోవలసిన తెలుగు అలవాట్లు ఇంకో మూడు. ఎంఎస్‌కి వెళ్ళేవాళ్ళయినా, నర్సింగ్ ఉద్యోగానికి సిద్ధమవుతున్నవాళ్ళయినా, జీవిత భాగస్వామి దగ్గరికి వెళ్ళడానికి ఏ1 అనే మొట్టమొదటి స్థాయి పరీక్ష రాయబోతున్నవాళ్ళయినా మొదటి రెండు వారాలు గ్రామర్ పక్కన పెట్టి దీని మీద కూర్చోండి. తప్పుగా గట్టిపడిన ఉచ్చారణని తర్వాత బీ1 అనే మధ్య స్థాయిలో సరిదిద్దుకోవడం చాలా కష్టం.

భాష గురించి రెండు మాటలు. జర్మన్, ఇంగ్లీషు, డచ్ ఒకే కుటుంబంలోవి. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, లీక్టెన్‌స్టైన్‌లతో పాటు లక్సెంబర్గ్, బెల్జియంలలోనూ జర్మన్ అధికార భాష. ఇంగ్లీషులోని 26 అక్షరాలూ ఉంటాయి. వాటికి తోడు ఏ, ఓ, యు అక్షరాల మీద రెండేసి చుక్కలు పెట్టిన మూడు అక్షరాలు, ఎస్సెట్ అనే ఇంకో అక్షరం ఉంటాయి. ఎస్సెట్ చూడటానికి ఇంగ్లీషు పెద్ద బీలా ఉంటుంది కానీ పలికేది స. దీనికి పెద్ద అక్షరం 2017లోనే అధికారికంగా వచ్చింది. స్విట్జర్లాండ్‌లో దీన్ని అసలు వాడరు, రెండు ఎస్‌లు రాస్తారు.

ఒకటో పని: మీ పేరుని అక్షరం అక్షరంగా చెప్పడం

ఇది మొదటి రోజే నేర్చుకోండి. నేను జర్మనీ వచ్చిన మొదటి నెలలో జ్వరం వచ్చి ఒక క్లినిక్‌కి ఫోన్ చేశాను. ఇంటిపేరు స్పెల్లింగ్ అడిగారు. అలవాటు కొద్దీ ఇంగ్లీషులో చెప్పినట్టే ఈ అన్నాను. మర్నాడు వెళ్తే లిస్టులో నా పేరు దొరకలేదు. జర్మన్‌లో ఈ అంటే ఐ అక్షరం. అవతలి మనిషి విన్నది విన్నట్టే రాసుకుంది. ఆ జ్వరంతో అక్కడ నిలబడి మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవలసి వచ్చింది.

వరసగా చదవండి: ఆ, బే, ౘే, డే, ఏ, ఎఫ్, గే, హా, ఈ, యొట్, కా, ఎల్, ఎమ్, ఎన్, ఓ, పే, కూ, ఎర్, ఎస్, టే, ఊ, ఫౌ, వే, ఇక్స్, ఉప్సిలోన్, ౘెట్.

చిక్కంతా మూడు చోట్ల ఉంది. ఇంగ్లీషు ఏ ఇక్కడ ఆ. ఇంగ్లీషు ఈ ఇక్కడ ఏ. ఇంగ్లీషు ఐ ఇక్కడ ఈ. ఈ మూడూ కలిసిపోతే మీ పేరు ఇంకెవరిదో అవుతుంది. రెడ్డి అయితే ఎర్, ఏ, డొపెల్-డే, ఉప్సిలోన్. డొపెల్ అంటే జంట. వెంకట్ అయితే ఫౌ, ఏ, ఎన్, కా, ఆ, టే. జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోథె ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ ఏ1 పరీక్షలో మాట్లాడే భాగం మొదలయ్యేది మిమ్మల్ని మీరు పరిచయం చేసుకోవడంతో. అందులో ఏదో ఒక మాటని అక్షరాలుగా చెప్పమంటారు, ఒక నంబర్ కూడా చెప్పమంటారు. ఆ మార్కులు ఈ వరస వచ్చినవాళ్ళవే.

రెండో పని: అచ్చుల పొడవు

ఇక్కడ మనం అదృష్టవంతులం. మెడ వేరు, మేడ వేరు. కొన వేరు, కోన వేరు. హిందీలో ఎ-ఏ, ఒ-ఓ తేడా అక్షరాల్లో లేదు, మనకి ఒకటో తరగతి నుంచే ఉంది. జర్మన్ నడిచేది ఆ తేడా మీదే.

బెట్ అంటే మంచం, బేట్ అంటే తోటలో మడి. ఒఫెన్ అంటే తెరిచి ఉన్నది, ఓఫెన్ అంటే పొయ్యి. మిటె అంటే మధ్య, మీటె అంటే అద్దె. ష్టట్ అంటే ఊరు, ష్టాట్ అంటే రాజ్యం.

ఏది పొట్టో ఏది పొడుగో రాతే చెబుతుంది. అచ్చు తర్వాత ఒకే హల్లు రెండుసార్లు వస్తే ఆ అచ్చు పొట్టిది. అచ్చునే రెండుసార్లు రాసినా, దాని వెనక హెచ్ వచ్చినా అది పొడుగు. ఆ హెచ్‌ని పలకరు. వెళ్ళడం అనే మాట రాతలో గెహెన్‌లా కనిపిస్తుంది, నోట్లో గేఎన్.

జంట అచ్చుల్లో రెండింటిని మాత్రం జాగ్రత్తగా చూడండి. ఇంగ్లీషు ఐ ముందు, ఇంగ్లీషు ఈ తర్వాత రాస్తే శబ్దం ఈ. ఇంగ్లీషు ఈ ముందు, ఇంగ్లీషు ఐ తర్వాత రాస్తే శబ్దం ఐ. వీన్ అంటే వియన్నా నగరం, వైన్ అంటే ద్రాక్ష సారా. ఇంగ్లీషు అక్షరం పేరు గుర్తు పెట్టుకుంటే చాలు: రెండోది ఏదో, ఇంగ్లీషులో దాని పేరే ఇక్కడి శబ్దం. ఇంగ్లీషు ఈ, యు పక్కపక్కన వస్తే శబ్దం ఒయ్. అందుకే యూరోని ఒయ్‌రో అంటారు, జర్మన్ భాషని డొయ్‌చ్ అంటారు.

మూడో పని: మోసం చేసే అక్షరాలు

డబ్ల్యూకి శబ్దం వ. వీకి ఎక్కువ మాటల్లో ఫ. తండ్రి ఫాటా. ఫోక్స్‌వ్యాగన్ అని మనం పిలిచే కారుని వాళ్ళు ఫొల్క్స్‌వాగెన్ అంటారు. బీఎండబ్ల్యూని బే-ఎమ్-వే అంటారు. జే అంటే య, కాబట్టి అవును యా, జనవరి యానుఆర్. జ్యోతి అనే పేరున్న అమ్మాయిని వెయిటింగ్ రూమ్‌లో యోటీ అని పిలిస్తే లేవడానికి సిద్ధంగా ఉండాలి.

మాట మొదట్లో ఎస్ తర్వాత అచ్చు వస్తే అది స కాదు, గొంతు మోగే స. తుమ్మెద ఝుంకారంలా ఉంటుంది. గొంతు మీద వేలు పెట్టి స్స్స్ అనండి, నాలుక కదపకుండా గొంతు మోగించండి. అదే శబ్దం. దీన్ని ఇక్కడ ౙ అని రాస్తున్నాను. కానీ మన జాబు, జడలలో నాలుక ఒక్క క్షణం తాకుతుంది, ఇక్కడ తాకకూడదు. సూర్యుడు ౙొనె, ఆరు ౙెక్స్, మర్యాదగా అనే మీరు ౙీ. ఇది రాకపోతే బెంగ వద్దు. దక్షిణ జర్మనీలో, ఆస్ట్రియాలో చాలామంది సొనె అనే అంటారు.

మాట మొదట్లో ఎస్-టీ కలిస్తే ష్ట్, ఎస్-పీ కలిస్తే ష్ప్. వీధి ష్ట్రాసె, మాట్లాడటం ష్ప్రెహ్యెన్. ఎస్-సీ-హెచ్ మూడూ కలిస్తే మామూలు ష. తెలుగు పుస్తకాలు మొట్టమొదట అచ్చయింది జర్మనీలోని హాలె నగరంలో, 1746 ప్రాంతంలో. వాటిని వేసిన మిషనరీ బెంజమిన్ ఇంటిపేరు రాతలో ఎనిమిది అక్షరాలు: ఎస్-సీ-హెచ్-యూ-ఎల్-టీ-జెడ్-ఈ. విడదీస్తే భయం పోతుంది. మొదటి మూడూ ష, తర్వాత ఉ, ల్, టీ-జెడ్ కలిసి ౘ, చివర ఎ. షుల్ౘె.

ఇప్పుడు ౘ దగ్గరికి మళ్ళీ రావాలి. మన నాలుక అ, ఉ, ఒల ముందు దీన్ని సులువుగా అంటుంది. పన్ను అనే అర్థంలో ౘాన్ అనడం చాప అన్నంత తేలిక. కానీ ఇ, ఎల ముందు తెలుగు నాలుక తనంతట తానే చీమ వైపు జారిపోతుంది. పది ౘేన్, మనం చేన్ అనేస్తాం. మందు: చాప అనబోయి చా దగ్గర ఆగండి, నాలుక అక్కడే ఉంచి పెదాలు ఏ ఆకారానికి మార్చండి. ౘా, ౘే, ౘీ, ౘై. రోజుకి ఇరవై సార్లు అంటే వారంలో కుదురుతుంది.

ఎన్-జీ వస్తే మన వర్ణమాలలో పనిలేకుండా కూర్చున్న ఙ గుర్తు చేసుకోండి. వేలు ఫిఙా. ఫింగర్‌లోలా గ వినపడకూడదు.

నాలుగో పని: నిజంగా కొత్త శబ్దాలు

యు మీద చుక్కలు. అద్దం ముందు నిలబడి ఈ... అని లాగండి. నాలుకని అస్సలు కదపకుండా, పెదాలు మాత్రం ఊ అన్నట్టు గుండ్రంగా ముందుకి చాచండి. అప్పుడు వచ్చే శబ్దమే కావలసింది. ఓ మీద చుక్కలకి కూడా ఇదే పద్ధతి: ఏ... అంటూ పెదాలు ఓ ఆకారానికి. తెలుగులో రాయడానికి వేరే దారి లేక వీటిని యు, యో గుణింతాలతో రాస్తాం. మ్యున్‌హ్యెన్ అంటే మ్యూనిక్. ష్యోన్ అంటే అందమైన. కానీ వీటిలో య వినపడకూడదు. చుక్కలు లేకుండా షోన్ అంటే అప్పుడే, ఇప్పటికే అని అర్థం. ముటా అంటే ఒక తల్లి, చుక్కలతో మ్యుటా అంటే తల్లులు. ఒక మనిషా పదిమందా అన్నది మీ పెదాల మీద ఆధారపడి ఉంది. ఏ మీద చుక్కలు మాత్రం తేలిక, నోరు కాస్త తెరిచిన ఎ.

కీబోర్డులో చుక్కలు లేకపోతే ఆ అక్షరం పక్కన ఇంగ్లీషు ఈ రాస్తారు. మన దేశంలో గోథె ఇన్‌స్టిట్యూట్ కేంద్రాలకి మాక్స్ ముల్లర్ భవన్ అని పేరు కదా, బోర్డు మీద యు తర్వాత ఈ కనిపించేది అందుకే.

ఇక సీ-హెచ్. దీనికి రెండు శబ్దాలు. ఆ, ఓ, ఊ, ఔల తర్వాత గొంతులో గీసే ఖ్. హైదరాబాద్‌లో ఉర్దూ బాగా తెలిసినవాళ్ళు ఖబర్, ఖాలా అనేటప్పుడు వినండి, అదే. సంగీతకారుడు బఖ్, పుస్తకం బూఖ్. మిగతా అచ్చుల తర్వాత, హల్లుల తర్వాత మెత్తటి శబ్దం. నేను అనే మాటే ఇది కాబట్టి తప్పించుకోలేం. ఇలా చేయండి: ఈ అని అని ఆపండి. నాలుక ఎక్కడుందో అక్కడే ఉంచి, గొంతు మోగించకుండా గాలి మాత్రం గట్టిగా వదలండి. కోపంగా ఉన్న పిల్లి చప్పుడులా వస్తుంది. ఇహ్య్. ఇష్ అనకండి, ఇక్ అనకండి. బెర్లిన్ యాసలో ఇక్ అంటారు, కొలోన్ వైపు ఇష్ అంటారు. అది వాళ్ళ ఊరి మాట, పరీక్షకి ఇహ్య్. ష-గా మారిస్తే కిర్‌హ్యె అనే చర్చి కిర్షె అనే చెర్రీ పండు అయిపోతుంది.

ఆర్ గురించి చాలామంది టెన్షన్ పడతారు. జర్మనీలో ఎక్కువమంది దాన్ని కొండనాలుక దగ్గర, సన్నగా పుక్కిలించినట్టు పలుకుతారు. రాకపోతే మన ర వాడండి. బవేరియాలో, స్విట్జర్లాండ్‌లో నాలుక కొసతో ర పలికేవాళ్ళు ఉన్నారు. సరిగ్గా రావలసింది మాట చివరి ఈ-ఆర్. అక్కడ ర ఉండదు, పొట్టి ఆ వంటి శబ్దం ఉంటుంది. ఫాటర్ అని గట్టిగా ర పెట్టి అంటే ఎంత కష్టపడినా జర్మన్‌లా వినపడదు.

ఐదో పని: తెలుగు అలవాట్లని కట్టిపెట్టడం

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. కొత్త శబ్దాలు రాలేదని మనకే తెలుస్తుంది. పాత అలవాటు మాత్రం మన చెవికి వినపడదు.

మొదటిది చివరి ఉ. తెలుగు అజంత భాష, మాటలు అచ్చుతో ముగుస్తాయి. బస్ బస్సు అయింది, కార్ కారు అయింది. జర్మన్ మాటలు చాలావరకు హల్లుతో టక్కున ఆగుతాయి. పైగా చివర్లో ఉన్న గ, డ, బలు క, ట, పలుగా గట్టిపడతాయి. రోజు అనే మాట రాతలో టాగ్, నోట్లో టాక్. కుక్క హుంట్, మరియు ఉంట్, పసుపు రంగు గెల్ప్. అచ్చు చేరగానే మళ్ళీ మెత్తబడుతుంది: రోజులు టాగె. మనం చివర ఉ తగిలించి టాగు అన్నామంటే ఒకేసారి రెండు తప్పులు. ముగియవలసిన మాటని ముగించలేదు, గట్టిపడవలసిన హల్లుని గట్టిపడనివ్వలేదు. మాట అయిపోగానే నోరు మూసినట్టు ఊహించుకుని ఆపండి.

రెండోది ద్విత్వం. గడి వేరు, గడ్డి వేరు కదా మనకి. జర్మన్ రాతలో టీ రెండుసార్లు కనిపిస్తే మన కన్ను వెంటనే ట్ట అని చదువుతుంది. అక్కడ రెండో హల్లు కేవలం ముందున్న అచ్చు పొట్టిదని చెప్పే గుర్తు. రావడం కొమెన్, కొమ్మెన్ కాదు. దయచేసి అనే మాట బిటె, బిట్టె కాదు. నా దగ్గర నేర్చుకున్న తెలుగువాళ్ళలో ఈ తప్పు చేయనివాళ్ళని నేను చూడలేదు.

మూడోది సంధి. వాడు ఎక్కడ అనం, వాడెక్కడ అంటాం. జర్మన్‌లో అచ్చుతో మొదలయ్యే మాట ముందు గొంతు ఒక్క క్షణం మూసుకుని తెరుచుకుంటుంది. సాయంత్రం పూట అనడానికి అమ్, ఆబెంట్. కలిపి అమాబెంట్ అంటే వినేవాడికి మాటలు విడిపోవు.

ట గురించి కూడా ఒక మాట. మన ట-కి నాలుక వెనక్కి మడుస్తాం, త-కి పళ్ళకి ఆనిస్తాం. జర్మన్ టీ ఈ రెండిటి మధ్య, పై పళ్ళ వెనక చిగురు మీద పడుతుంది, గాలి కూడా వస్తుంది. నోటి ముందు పల్చటి టిష్యూ పట్టుకుని టే, పే, కా అనండి. టిష్యూ కదలాలి.

ఆరో పని: నొక్కి పలికే చోటు

తెలుగులో ఏ అక్షరం నొక్కినా అర్థం మారదు. ఇక్కడ మారుతుంది. ఉమ్‌ఫారెన్‌లో ఉమ్‌ని నొక్కితే బండితో గుద్ది పడేయడం, ఫా-ని నొక్కితే తప్పించి చుట్టూ తిరిగి పోవడం. అసలైన జర్మన్ మాటల్లో ఎక్కువగా మొదటి అక్షరాన్నే నొక్కుతారు. బె, గె, ఫెర్, ఎర్, ౘెర్, ఎంట్ అనే ఉపసర్గలు ముందుంటే వాటిని వదిలేసి తర్వాతి దాన్ని నొక్కుతారు. బయటి నుంచి వచ్చిన మాటల్లో చాలాసార్లు చివరిది: ష్టుడెంట్‌లో డెంట్.

పొడవాటి మాటలు చూసి జడవకండి. మన సమాసాల్లాంటివే. హౌప్ట్ ముఖ్యం, బాన్ రైలు దారి, హోఫ్ ప్రాంగణం: హౌప్ట్‌బాన్‌హోఫ్ అంటే ప్రధాన రైల్వే స్టేషన్. పెన్సిల్‌తో అతుకుల దగ్గర గీతలు పెట్టి ఒక్కో ముక్క చదవండి. చేయి హంట్, చెప్పు షూ, హంట్‌షూ అంటే చేతి తొడుగు. ముక్క చివరి డీ మాట మధ్యలో ఉన్నా ట-గా గట్టిపడటం గమనించండి.

ఏడో పని: రోజూ పావుగంట

డొయ్‌చె వెలె అనే జర్మన్ ప్రసార సంస్థ నెమ్మదిగా చదివిన వార్తలు ఉచితంగా ఇస్తుంది. ఒకే ఒక్క వాక్యం ఎంచుకోండి. పదిసార్లు వినండి, ఆపి మీరు అనండి, ఫోన్‌లో రికార్డ్ చేసి రెండూ పక్కపక్కన వినండి. విన్నదాన్ని తెలుగు లిపిలో రాసుకోండి. ఎవరైనా నవ్వినా పట్టించుకోకండి. ఇంగ్లీషు లిపిలో చూస్తే ఇంగ్లీషు శబ్దాలే నోట్లోకి వస్తాయి. రెండు మూడు నెలల్లో ఆ అవసరం తీరిపోతుంది, అప్పుడు మానేయవచ్చు.

ఇంకో పరీక్ష. ఫోన్ కీబోర్డులో వాయిస్ టైపింగ్ భాషని జర్మన్‌కి మార్చి ఒంటరి మాటలు చెప్పండి. మీటె, మిటె. ఒఫెన్, ఓఫెన్. కిర్‌హ్యె, కిర్షె. ఏది టైప్ అవుతుందో చూడండి. వాక్యంలో పెట్టి చెబితే అది సందర్భాన్ని బట్టి ఊహించేస్తుంది, కాబట్టి ఒక్కో మాటే చెప్పాలి.

చివరగా ఈ నాలుగు వాక్యాలు కంఠతా పట్టండి. గూటెన్ టాక్. ఇహ్య్ హైసె, ఆ తర్వాత మీ పేరు. ఇహ్య్ కొమె ఔస్ ఇండియెన్. ఇహ్య్ ష్ప్రెహ్యె టెలుగు. మూడో వాక్యంలో ఔస్ ముందు, ఇండియెన్ ముందు గొంతు ఆగాలి, కొమెలో మ ఒక్కటే వినపడాలి. ఫోన్ నంబర్ చెప్పవలసి వస్తే రెండుని ౘ్వై అనకుండా ౘ్వో అనండి. మూడు డ్రై కాబట్టి ఫోన్‌లో రెండూ ఒకేలా వినపడతాయి, అందుకే అక్కడివాళ్ళు కూడా అలాగే అంటారు.